ఖురాన్ ఇచ్చిన వాటా మన చిత్తూరులో ఎక్కడ ఆగిపోతోంది?

మా చిత్తూరు జిల్లాలో అక్క కూతుర్ని చేసుకున్న మేనమామలు ఏ ఊళ్లో చూసినా ఉంటారు. ఎవరూ దాన్ని వింతగా చూడరు, పైగా "పిల్ల బయటికి పోలేదు, ఆస్తి చెదరలేదు" అని పెద్దవాళ్లు సంతోషపడతారు. అదే మాట ఒక ముస్లిం ఇంట్లో అని చూడండి, చెవులు మూసుకుంటారు. మాకు అక్క కూతురంటే సొంత కూతురి లెక్క. పెళ్లికి పనికిరాని వరసలు ఇవీ అని ఖురాన్ నాలుగో సూరా 23వ ఆయత్‌లో పేరుపేరునా చెప్పారు, అందులో తోబుట్టువుల కూతుళ్లు ఉన్నారు. మరి చిన్నాన్న కూతురు? చేసుకోవచ్చు. అది వినగానే ఈసారి చెవులు మూసుకునేది పక్కింటి రెడ్డిగారు, ఆయన లెక్కలో ఆ పిల్ల చెల్లెలు కాబట్టి. మేనరికం దగ్గర మాత్రం, అంటే మేనత్త కొడుకు, మేనమామ కూతురు దగ్గర, ఇద్దరికీ పేచీ లేదు.

ఇంకో తమాషా ఏమిటంటే 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం కూడా మేనమామ, మేనకోడలు నిషిద్ధ వరసే. కాకపోతే ఆచారం ఒప్పుకుంటే సరే అని అదే చట్టంలో వెసులుబాటు ఇచ్చారు. దేశ చట్టమే మన ఊరి ఆచారానికి దారి వదిలిందన్నమాట. ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, ముస్లిం కుటుంబాల గురించి ఫోన్లలో జరిగే గొడవల్లో సగం ఇక్కడే చిక్కుపడతాయి. ఒక ముస్లిం ఇంట్లో జరిగేదాంట్లో ఖురాన్ చెప్పింది కొంత, దాని మీద పండితులు వందల ఏళ్లు చర్చించి రాసుకున్న ఫిఖ్ కొంత, ఇంగ్లీషువాళ్లూ ఆ తర్వాత మన పార్లమెంటూ చేసిన చట్టం కొంత, మిగిలింది అచ్చంగా రాయలసీమ ఆచారం, అదే ఎక్కువ. తిట్టేవాళ్లు మొత్తం తీసుకెళ్లి మతం ఖాతాలో వేస్తారు. వెనకేసుకొచ్చేవాళ్లు మంచి కనబడితే మతం అంటారు, చెడు కనబడితే ఆచారం అంటారు. ఈ రెండు పక్షాలూ అడగని ప్రశ్న ఒకటుంది: చివరికి ఆడపిల్ల చేతికి ఏం వచ్చింది?

నేను దూదేకుల ఇంట్లో పుట్టాను. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగే, అమ్మని అమ్మ అనే పిలుస్తాం, నమాజుకు మాత్రమే అరబీ. ఉర్దూ మాట్లాడే ఇళ్లవాళ్లు మా వాళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడటం చూస్తూ పెరిగాను. ఇస్లాంలో కులం లేదంటారు, మసీదు లోపల అది నిజమే, కలెక్టరైనా కూలీ అయినా భుజాలు ఆనించి ఒకే వరుసలో నిలబడాల్సిందే. బయటికొచ్చి చెప్పులేసుకున్నాక, సంబంధం మాటలు మొదలయ్యాక చూడాలి. ప్రభుత్వానికి కూడా ఈ సంగతి తెలుసు: దూదేకుల, పింజారి, నూర్‌బాషా బీసీ-బీలో ఉంటే, షేక్, ఖురేషీ, లబ్బి, అత్తరు సాయిబులు లాంటివాళ్లకు 2007 చట్టంతో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది, సయ్యద్‌లను, మొఘల్‌లను, పఠాన్‌లను మాత్రం అందులో చేర్చలేదు.

మతం, ఊరు కలిసిపోవడం మనకు కొత్తేం కాదు. పీర్ల పండక్కి అగ్గిగుండం చుట్టూ చేరేవాళ్లలో ఎవరు హిందువులో ఎవరు ముస్లింలో చెప్పడం కష్టం, దర్గాలో మొక్కుకుంటే పుట్టిన బిడ్డలు మస్తాన్‌రెడ్డులు, మస్తానయ్యలు అయ్యారు. తిరుపతి వెంకన్నకు బీబీ నాంచారి భార్య అన్న కథ మీకు తెలిసిందే, ఆ లెక్కన ఆయన మాకు అల్లుడు. దేవుని కడపలో ఇప్పటికీ ఉగాదికి ముస్లింలు గుడికొచ్చి తమ ఇంటి ఆడబిడ్డ మెట్టినింటికి వచ్చినట్టే మొక్కి పోతారు. తర్వాత మత ప్రచారం చేసే తబ్లీగ్ జమాతులు ఊరూరూ తిరిగాయి, గల్ఫ్ నుంచి డబ్బుతోపాటు అక్కడి అలవాట్లూ వచ్చాయి. మా జేజి తరంలో చీర కొంగు తలమీదికి లాక్కుంటే అదే పర్దా, ఇప్పుడు నల్ల బురఖా. పీర్లెత్తడం తప్పన్నారు, గంధం ఊరేగింపు తప్పన్నారు, మతంలో లేనివన్నీ తీసేయాలన్నారు. సరే, వాళ్ల నమ్మకం వాళ్లది. నా బాధల్లా ఒక్కటే, ఇన్ని తీసేసినవాళ్లు కట్నం జోలికి మాత్రం గట్టిగా పోలేదు.

నిఖా చాలా చిన్న పని. అదొక ఒప్పందం: ఒకరు అడగాలి, ఒకరు ఒప్పుకోవాలి, సాక్షులుండాలి, మెహర్ తేలాలి. చిత్తూరులో ఏ ఫంక్షన్ హాల్లోనైనా చూడొచ్చు. వకీలుగా, అంటే పెళ్లికూతురి తరఫున, నిలబడిన పెద్దమనిషి ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని పెళ్లికూతురి గదికి పోయి, ఫలానావారి అబ్బాయి, ఇంత మెహర్, ఒప్పుకుంటున్నావా అమ్మా అని అడుగుతాడు. ఆ పిల్ల తలొంచుకుని ఏదో గొణుగుతుంది, పక్కనున్న పిన్నమ్మ "గట్టిగా చెప్పవే" అని మోచేత్తో పొడుస్తుంది, సంతకం అవుతుంది. ఇవతల పెళ్లికొడుకు ఖుబూల్ అంటాడు, ఖాజీగారు ఖుత్బా చదువుతారు, ఎండు ఖర్జూరాలు, పటికబెల్లం పంచుతారు, అయిపోయింది, అరగంట కూడా పట్టదు. ఆ తర్వాత మెడలో నల్లపూసల లచ్చా కడతారు. దానికీ షరియత్‌కూ సంబంధం లేదు, అది మన తాళిబొట్టుకు చుట్టం.

ఇందులో డబ్బు ఎటు నుంచి ఎటు పోవాలో చూడండి. మెహర్ మగవాడు ఆడమనిషికి ఇవ్వాల్సింది, అదీ ఆమె చేతికి, వాళ్ల నాన్న చేతికి కాదు (నాలుగో సూరా, 4వ ఆయత్). పెళ్లి విందు వలీమా, అది మగపెళ్లివారి ఖర్చు. మరి మన హాల్లో ఏం జరుగుతుంది? రిజిస్టర్‌లో మెహర్ పదకొండు వేలో, ఇరవై ఐదు వేలో రాస్తారు, అదీ "ఉధార్" కింద, అంటే తర్వాత చూద్దాంలే అని. బయట పార్కింగులో రిబ్బన్ కట్టిన కొత్త బుల్లెట్ బండి ఉంటుంది, అది మామ అల్లుడికి పెట్టింది. ఇన్ని సవర్ల బంగారం, బీరువా, డబుల్ కాట్, ఏసీ, ఆ రోజు బిర్యానీ, అన్నీ పిల్ల తండ్రివే. జహేజ్ అని ఉర్దూ పేరు పెడితే అది ఇస్లాం అయిపోదు, కమ్మవారింట్లో, రెడ్లింట్లో, బలిజవారింట్లో నడిచేదే మా ఇంట్లోనూ నడుస్తోంది. 1961 వరకట్న నిషేధ చట్టం అందరికీ వర్తిస్తుంది, మెహర్ కట్నం కిందికి రాదని ఆ చట్టంలోనే రాశారు. అంటే చట్టానికి ఆ రెండింటికీ తేడా తెలుసు, మనమే మరిచిపోయాం.

మెహర్ విషయంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది పెళ్లి కాదు, చావు. మొగుడు పోతాడు. జనాజా లేవబోయే ముందు చుట్టాల్లో పెద్దావిడ ఒకరు వచ్చి, ఏడుస్తున్న భార్య చెవిలో "మెహర్ మాఫ్ చేశానను తల్లీ, ఆయనకు భారం లేకుండా పోనీ" అంటుంది. ఆ స్థితిలో ఎవరు కాదంటారు! ఫిఖ్ ప్రకారం చూస్తే కట్టని మెహర్ అప్పు, చనిపోయినవాడి ఆస్తి పంచకముందే తీర్చాల్సిన అప్పు. దాన్ని తీర్చేదాకా భర్త ఆస్తిని తన స్వాధీనంలో ఉంచుకునే హక్కు విధవరాలికి ఉందని 1925లోనే ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి పై కోర్టు, ఒప్పుకుంది. ఇంత గట్టి హక్కు ఆ చెవిలో చెప్పిన ఒక్క మాటతో పోతుంది.

తలాక్ గురించి అందరూ ఎక్కువే మాట్లాడారు కాబట్టి నేను తొందరగా ముగిస్తాను. ఖురాన్ పద్ధతిలో రెండు కుటుంబాల నుంచి చెరొక మధ్యవర్తి కూర్చోవాలి, మూడు నెలసర్ల గడువుండాలి. ఒకే ఊపులో మూడుసార్లు అనేయడం తప్పని చెబుతూనే చెల్లుతుందని, మన దేశంలో ఎక్కువమంది పాటించే ఫిఖ్ శాఖ అయిన హనఫీ పండితులు అన్నారు, చిక్కంతా అక్కడొచ్చింది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు షాయరా బానో కేసులో 3-2 తేడాతో దాన్ని కొట్టేసింది, 2019 చట్టం మూడేళ్ల దాకా జైలు పెట్టింది. భరణం కథ 1985 షా బానో తీర్పుతో మొదలై, 1986 చట్టంతో వంకర తిరిగి, 2001 డానియల్ లతీఫీ తీర్పుతో కాస్త సర్దుకుని, 2024 జూలైలో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో తేలింది: విడాకులైన ముస్లిం మహిళ కూడా మిగతా అందరిలాగే అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125 (ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144) కింద భరణం అడగొచ్చు. ఇక నలుగురు భార్యల సంగతి, అందరికీ నోటికొచ్చే ఆ మాట, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తన భర్తకు ఇంకో భార్య ఉందని చెప్పిన ముస్లిం స్త్రీలు 1.9 శాతం, హిందూ స్త్రీలు 1.3 శాతం. అంత తేడాతో ఇంత రచ్చ.

ఎవరూ పెద్దగా మాట్లాడని చట్టం ఒకటుంది, 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం. పాత హనఫీ లెక్క ప్రకారం మొగుడు కనబడకుండా పోతే, వాడి ఈడువాళ్లంతా చచ్చిపోయేదాకా భార్య ఎదురుచూడాలి. ఇది భరించలేక, పంజాబ్ వైపు కొందరు ఆడవాళ్లు మతమే వదిలేయడం మొదలుపెట్టారు, అప్పట్లో మతం వదిలితే పెళ్లి రద్దయ్యేది కాబట్టి. దాంతో దేవబంద్ పండితుడు అష్రఫ్ అలీ థాన్వీ 1930ల మొదట్లో మాలికీ అనే ఇంకో ఫిఖ్ శాఖ పద్ధతి నుంచి నాలుగేళ్ల గడువు అరువు తెచ్చుకోవచ్చని ఫత్వా ఇచ్చారు, చట్టం ఆ దారిలో వచ్చింది. నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషణ చూడకపోయినా, ఏడేళ్ల జైలు పడినా భార్య కోర్టుకెళ్లి పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయి ఫోనెత్తడం మానేసిన మొగుళ్ల భార్యలకు ఇది తెలియాలి. షరియత్‌ను ఎవరూ మార్చలేరు అనేవాళ్లు కూడా ఇది తెలుసుకోవాలి, మార్చింది మౌలానాలే.

ఇప్పుడు అసలు విషయం, ఆస్తి. బంగారుపాళెం వైపు నాలుగెకరాల తోతాపురి తోట ఉన్న మనిషి ఒకాయన పోయాడనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఖననం ఖర్చు, అప్పులు, అందులో మెహర్ కూడా, తీర్చాక నాలుగు వందల సెంట్లూ మిగిలాయనుకోండి. పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, 50 సెంట్లు. మిగిలిన 350లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు: కొడుకులకు చెరి 140, కూతురికి 70. ఇది ఎవరి దయా కాదు, నాలుగో సూరా 11, 12 ఆయత్‌లలో ఉన్న లెక్క. ఇంకో సంగతి, ముస్లిం చట్టంలో పుట్టుకతో వచ్చే పిత్రార్జితం హక్కు లేదు. తండ్రి బతికున్నంతకాలం కొడుక్కైనా కూతురికైనా సున్నా, పోయిన క్షణాన అందరికీ వాటా. ఉమ్మడి కుటుంబం, దానికి కర్త, ఇవేవీ ఈ చట్టంలో లేవు, కానీ మా పల్లెల్లో పెద్దన్న పెత్తనం అచ్చం కర్తలాగే నడుస్తుంది.

సగమేనా అని అడుగుతారు. అడగాల్సిందే. పోషణ భారం మొత్తం మగవాడిది, ఆమె సొమ్ము నుంచి ఇంటికి రూపాయి పెట్టనక్కర్లేదు కాబట్టి సగం అన్నది పాత సమాధానం. మగవాడు నిజంగా పోషిస్తే ఆ లెక్క కుదురుతుంది. శ్రీసిటీ బస్సెక్కి షిఫ్టు చేసి ఇల్లు నడిపే పిల్లకు ఆ సమాధానం చెప్పి చూడండి, మన మొహం చూసి నవ్వుతుంది. నా మట్టుకు నాకు ఈ రోజుల్లో సమానమే న్యాయం అనిపిస్తుంది. అయితే ఇటువైపు కూడా చూడాలి, హిందూ ఆడపిల్లకు తండ్రి సొంత ఆస్తిలో కొడుకుతో సమాన వాటా 1956 చట్టంతో వచ్చింది, ఉమ్మడి ఆస్తిలో వాటా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచి, అదీ అప్పటికి పెళ్లికానివాళ్లకే, దేశమంతటా అయితే 2005లో. 1956కు ముందు అరపాలైనా రాసిపెట్టి ఉన్నది ముస్లిం పిల్లకే.

మరి రాసిపెట్టి ఉన్నది అందిందా? 1937 షరియత్ చట్టం ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇవాళ దాన్ని ఆడవాళ్లకు సంకెల అంటున్నారు గానీ, పంజాబ్ లాంటి చోట్ల ఆచారం పేరు చెప్పి ముస్లిం కూతుళ్లకు ఆస్తి ఎగ్గొడుతుంటే, దాన్ని ఆపడానికే ఆ చట్టం తెచ్చారు, అప్పటి ముస్లిం మహిళా సంఘాలు దానికోసం పట్టుబట్టాయి కూడా. కాకపోతే అందులో వ్యవసాయ భూమిని వదిలేశారు. పల్లెల్లో ఆస్తంటే భూమే కదా, అది వదిలేస్తే ఇంకేముంది! 1949లో మద్రాసు రాష్ట్రం ఆ మినహాయింపు తీసేసింది. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసులోనే ఉంది కాబట్టి, పైన చెప్పిన మామిడి తోటలో కూతురి 70 సెంట్లకు చట్టం అడ్డు లేకుండా పోయి ఇన్నేళ్లయింది.

అడ్డు వేరే చోట ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట, దస్తావేజు రైటరు బల్ల దగ్గర. "అక్కా, ఈ సంతకం పెట్టేయ్, నీకేం కావాలన్నా నేను లేనా" అంటాడు తమ్ముడు. ఆ కాగితం హక్కు విడుదల పత్రం. అక్క చదువుకున్నదే, అందులో ఏముందో ఆమెకు తెలుసు. పెట్టకపోతే రేపు రంజాన్‌కి ఎవరింటికి పోవాలి, మొగుడితో మాట తేడా వస్తే ఎవరి గడప తొక్కాలి, కూతురి పెళ్లికి మేనమామ వస్తాడా, ఇవన్నీ ఆ ఒక్క సంతకం పెట్టే లోపల ఆలోచించుకుంటుంది. పెట్టేస్తుంది. "నా పెళ్లికి నాయన అంత ఖర్చు పెట్టాడు కదా" అని తనకు తానే సర్దిచెప్పుకుంటుంది, కానీ షరియత్‌లో కట్నానికీ వారసత్వానికీ చెల్లు అనే లెక్కే లేదు. అదే బల్ల దగ్గర, వెనక వరుసలో, చట్టం సమాన వాటా ఇచ్చిన నాయుడుగారి అమ్మాయి కూడా అలాంటి కాగితం మీదే సంతకం పెట్టడానికి కూర్చుని ఉంటుంది. ఒకరిది సగం వాటా, ఇంకొకరిది సమాన వాటా, ఇద్దరూ ఇంటికి పట్టుకుపోయేది టీ తాగిన నోరే. ఉమ్మడి పౌరస్మృతి మీద టీవీల్లో కొట్టుకునేవాళ్లు ఈ బల్ల దగ్గరికి ఒకసారి వస్తే బాగుండు.

ఇక నిజంగానే ఫిఖ్‌లో ఇబ్బంది పెట్టేవి ఉన్నాయి, వాటిని ఆచారం మీదికి నెట్టలేం. కొడుకుల్లేరు, ఇద్దరూ కూతుళ్లే అనుకోండి. భార్యకు ఎనిమిదో వంతు, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు పోగా, అదే తోటలో మిగిలిన సుమారు 83 సెంట్లు చనిపోయినాయన తమ్ముడికి పోతాయి, ఆయన మాట్లాడి పదేళ్లయినా సరే. కాసరగోడ్ జిల్లాలో ముగ్గురు కూతుళ్లున్న ఒక లాయరు 2023 మార్చి 8న తన భార్యనే ప్రత్యేక వివాహ చట్టం కింద మళ్లీ పెళ్లి చేసుకున్నది ఇందుకే, అలా చేస్తే భారత వారసత్వ చట్టం వర్తించి మొత్తం భార్యాకూతుళ్లకే దక్కుతుందని. తండ్రికన్నా ముందే కొడుకు పోతే, ఇంకో కొడుకు బతికుంటే, పోయినవాడి పిల్లలకు తాత ఆస్తిలో ఏమీ రాదు. పాకిస్తాన్ 1961లో దీన్ని మార్చింది, మన దగ్గర అలాగే ఉంది. తెచ్చి పెంచుకున్న బిడ్డకూ వారసత్వం లేదు, ప్రేమగా పెంచడం పుణ్యమే గానీ వారసుడు కాడు.

వీటికి ఆ షరియత్‌లోనే రెండు తలుపులున్నాయి, మా వాళ్లలో చాలామంది వాటిని తీసి కూడా చూడరు. ఒకటి వీలునామా, ఆస్తిలో మూడో వంతు దాకా వారసులు కానివాళ్లకు రాయొచ్చు. తండ్రి లేని మనవడికి, పెంచుకున్న బిడ్డకు ఇది పనికొస్తుంది, సొంత కూతురికి పనికిరాదు, ఎందుకంటే వారసులకు వీలునామా రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. రెండోది హిబా, బతికుండగానే ఇచ్చేయడం. దీనికి మూడో వంతు హద్దు లేదు, కూతురికి ఇంత అని కొలతా లేదు. పైగా ఒక కొడుక్కే ఏదో ఇచ్చి సాక్షిగా ఉండమన్న తండ్రితో, నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త అడిగి సాక్ష్యానికి ఒప్పుకోలేదని హదీసు ఉంది. దాన్ని పట్టుకునే హనఫీ పండితుల్లో కూడా చాలామంది, బతికుండగా పంచేటప్పుడు కొడుక్కీ కూతురికీ సమానంగా ఇవ్వడమే మేలన్నారు. సమాన వాటా కావాలంటే మతం మార్చుకోనక్కర్లేదు, చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు, తండ్రికి మనసుండాలి అంతే.

అయితే హిబా కాగితంతో అయిపోదు, చాలామంది దెబ్బతినేది అక్కడే. ఇస్తున్నానని చెప్పాలి, వాళ్లు తీసుకోవాలి, స్వాధీనం చేతులు మారాలి. నోటిమాటతో కూడా చెల్లుతుంది, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 129 అందుకు వీలిచ్చింది, కానీ రేపు రెవెన్యూ ఆఫీసులో పేరు మార్చమని అడిగినప్పుడు నోటిమాట ఎవరూ వినరు, రిజిస్టర్ చేయించుకోవడమే తెలివైన పని. కూతురి పేరన రాసేసి తోట తానే చేయించుకుంటూ, కాయ అమ్మిన డబ్బు తన జేబులోనే వేసుకుంటే, ఆయన పోయాక కొడుకులు కోర్టుకెళ్లి స్వాధీనమే ఇవ్వలేదు అంటారు, చాలాసార్లు నెగ్గుతారు కూడా. అడంగల్‌లో ఆమె పేరెక్కాలి, కౌలు డబ్బు ఆమె ఖాతాలో పడాలి. ఇదంతా ఒంట్లో బాగున్నప్పుడే చేయాలి, తిరుపతి ఆస్పత్రిలో చావు మంచం మీద రాసిచ్చిన హిబాను వీలునామాలాగే చూస్తారు, అప్పుడు మళ్లీ ఆ మూడో వంతు హద్దు, అన్నదమ్ముల ఒప్పుకోలు, రెండూ వచ్చి కూర్చుంటాయి.